నాకు తెలియజేయబడలేదు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నన్ను కాపాడిన వాక్యం ఒకటుంది. 'ఐ వజ్ నాట్ ఇన్ఫార్మ్డ్.' కాగితం మీద పెట్టాల్సి వస్తే ఇంకాస్త పొడుగు: 'నో ఇంటిమేషన్ హాజ్ బీన్ రిసీవ్డ్ బై దిస్ ఆఫీస్.' తెలుగులో రాయమంటే 'ఈ కార్యాలయమునకు తెలియజేయబడలేదు' అని రాసేవాణ్ణి. విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ మధ్యలో ఈ వాక్యం ఎన్ని ఫైళ్ళ మీద కూర్చుందో నాకే తెలియదు. ఒకసారి ఒక రైతు వచ్చి, కాలువ తూము మూసేశారనీ నారుమడి ఎండిపోతోందనీ మొత్తుకున్నాడు. నేను నా వాక్యం చదివాను. అతను తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "ఎవులు సెప్పాల బాబూ మీకు?" అన్నాడు. ఆ వాక్యంలో ఎవరూ ఉండరు. అందుకే అది నాకు అంత ఇష్టం.

ఇంట్లో కూడా అదే వాడేవాణ్ణి. గ్యాసు అయిపోయిందని పొద్దున్నే చెప్పాను కదా అని మా ఆవిడ అంటే, "నాకు ఇన్ఫర్మేషన్ లేదే" అనేవాణ్ణి. తను పప్పు గిన్నె చప్పుడయ్యేలా దించి, "మీకు ఇన్ఫారం సెయ్యాలంటే ఈదిలో తప్పెట కొట్టించాల" అనేది. నవ్వేవాళ్ళం. నవ్వుతున్నాం కదా, తప్పేముందిలే అనుకునేవాణ్ణి.

ఆ ఇంగ్లీషు నాకు నేర్పింది మా పెదనాన్న. సాలూరులో హైస్కూలు మాస్టారుగా చేశాడు. క్లాసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడేవాడు కాదు, గడప దాటితే మా ఊరి మాట తప్ప మాట్లాడేవాడు కాదు. నాకు ఆ వాక్యం మొదటిసారి ఆయన నోటే వినబడింది, అదీ క్లాసులో కాదు, మా అత్త పెళ్ళిలో.

అప్పుడు నేను మూడో క్లాసో నాలుగో క్లాసో. ముహూర్తం దగ్గర పడుతోంది. సైకిలు మీద పొరుగూరి నుంచి ఒక పాలేరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. మా తాతగారి దాయాది ఒకాయన మంచాన ఉన్నాడని అందరికీ తెలుసు. మా నాయనమ్మ ఆ మనిషి ముఖం చూసింది. చెయ్యి పట్టుకుని మా పందిట్లోకి రానీకుండా ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టింది. విస్తరి వేసి, అతను నోరు తెరిచినప్పుడల్లా ఒక బూరె పెట్టింది. "అది కాదమ్మా..." అంటే ఇంకో బూరె. నాకు నవ్వొచ్చింది. ఆయన్ని ఎందుకు మాట్లాడనివ్వడం లేదని పెదనాన్నను అడిగాను.

"సెవిన పడితే మైలరా. పెళ్ళి ఆగిపోద్ది. పడకపోతే లేదు," అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వి, "ఇంగ్లీసులో దీనికి మంచి మాటుంది. 'వియ్ హేవ్ నాట్ బీన్ ఇన్ఫార్మ్డ్.' అంటే మనకి తెల్దని కాదు. ఇంకా ఎవడూ సెప్పలేదని," అన్నాడు.

మంగళసూత్రం పడింది, తలంబ్రాలు అయ్యాయి. నాయనమ్మ వీధి దాటి వెళ్ళి ఆ పాలేరు ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు సెప్పు నాయినా" అంది. అతను చెప్పకముందే ఏడ్చింది. ఇంటిల్లిపాదీ నూతి దగ్గర కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్ళు గుమ్మరించుకున్నారు.

నేను బూరెలు గుర్తుంచుకున్నాను. ఇంగ్లీషు మాట గుర్తుంచుకున్నాను. ఆ ఏడుపు మాత్రం చాలాకాలం గుర్తులేదు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో భోగాపురం రోడ్డు వైపు ఒక లేఅవుట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. విమానాశ్రయం వస్తోందని ఆ చుట్టుపక్కల పుట్టగొడుగుల్లా లేఅవుట్లు లేచాయి. మా ఇంటికి ఇంకా సరైన చిరునామా కూడా లేదు. ఆటోవాళ్ళకు చెప్పాలంటే నీళ్ళ ట్యాంకు, ఇటుకల బట్టీ, ఎర్రగేటు అని గుర్తులు చెప్పాలి. గృహప్రవేశానికి వైశాఖంలో ముహూర్తం కుదిరింది. ఇది తప్పితే మూఢం, మూఢం వెళ్ళేసరికి ఆషాఢం అని పురోహితుడు ముందే హెచ్చరించాడు.

పెదనాన్నను పిలవడానికి మా ఆవిడా నేనూ సాలూరు వెళ్ళాం. ఆయన అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాడు. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటున్నాడు. "నాను రాలేన్రా. మీరు కానిచ్చీండి. తర్వాత సూసుకుందాం," అన్నాడు. ఆయన కొడుకు, మా తమ్ముడు, లారీ విడిభాగాల కొట్టు నడుపుతాడు. మమ్మల్ని బస్టాండు దాకా దింపి, గొంతు తగ్గించి, "గుండె బలంగా లేదంట అన్నియ్యా. ఎప్పుడేటవుద్దో తెల్దు," అన్నాడు.

బస్సులో మా ఆవిడ పెదనాన్న గురించి దిగులుపడుతూ కూర్చుంది. నేను కూడా దిగులుపడ్డాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను. నా దిగులంతా ముహూర్తం గురించి. ఆయన మా నాన్నకు తోడబుట్టిన అన్న. ఆయనకేమైనా అయితే మాకు పూర్తి మైల. గృహప్రవేశం లేదు.

గృహప్రవేశం రోజు పొద్దున్న హోమం దగ్గర కూర్చున్నాం. పక్కనే పెట్టిన నా ఫోను మోగింది. తెర మీద తమ్ముడి పేరు. మా తమ్ముడు ఫోను చేసే మనిషి కాదు, ఏదున్నా వాయిస్ మెసేజి పెడతాడు. వాడే స్వయంగా ఫోను చేశాడంటే సంగతి ఒకటే. ఫోను బోర్లా తిప్పాను. ఆగి, మళ్ళీ మోగింది. తర్వాత ఎవరిదో కొత్త నంబరు. మళ్ళీ తమ్ముడు.

"ఎవరండీ?" అంది మా ఆవిడ, పొగకు కళ్ళు నులుముకుంటూ.

"ఎవరో లోను ఇస్తామనేవాళ్ళు. నీ ఫోను కూడా ఇటివ్వు, ఇక్కడ నెయ్యి చిందుతోంది," అన్నాను.

రెండు ఫోన్లూ తీసుకెళ్ళి స్కూటరు డిక్కీలో పెట్టి తాళం వేశాను. వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాను. పురోహితుడు చెప్పిన మంత్రం చెప్పాను, చల్లమన్న చోట అక్షతలు చల్లాను. ఆవు లోపలికి రావడానికి మొరాయిస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. పాలు పొంగాయి. వచ్చినవాళ్ళు టైల్స్ బాగున్నాయన్నారు. కిటికీలు ఇంకాస్త పెద్దవి పెట్టాల్సిందన్నారు. ఆయన పోయాడని నాకు తెలుసు. నాకెవరూ చెప్పలేదు. ఈ రెండు మాటల మధ్య పొద్దున్నంతా హాయిగా కూర్చున్నాను. హాయిగా అనే మాట కావాలనే రాశాను. ఆ పొద్దున్న భోజనంలో నేను పులిహోర రెండోసారి వేయించుకున్నాను.

చుట్టాలు వెళ్ళాక, మధ్యాహ్నం ఎండ చల్లబడకముందే, పెరట్లో బకెట్టు నింపాను. కట్టుబట్టలతోనే నీళ్ళు పోసుకోవాలి కాబట్టి పట్టుపంచె విప్పి, చిరిగిన పాత పంచె కట్టుకున్నాను. పొడి తువ్వాలు తీగ మీద వేసుకున్నాను. అప్పుడు మా ఆవిడను పిలిచి పొద్దున్నటి ఫోన్ల సంగతి చెప్పాను.

తను నా ముఖంలోకి చూసింది. "తెలిసే ఊరుకున్నారా?"

"తెలీదు. నాకింకా చెప్పలేదు కదా."

"ఏటి మనిషండీ మీరు," అంది. పెరటి మెట్టు మీద కూలబడింది. అప్పటికే కొంగు కళ్ళకు పెట్టుకుంది. "సెయ్యండి. ముందు ఫోను సెయ్యండి."

డిక్కీలోంచి ఫోను తెచ్చి, బకెట్టు పక్కన నిలబడి తమ్ముడికి చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"అన్నియ్యా! ఏటైపోనావు? ఎన్నిసార్లు సేసినాను! నాన్న తిన్నాడా?"

నాకు అర్థం కాలేదు. "ఎవరు?"

"నాన్న! మీ ఇంటికాడే ఉన్నాడు గదా? పొద్దున్న లేసి, ఒంట్లో బాగున్నాది, నాను యెల్తానని మంకుపట్టు పట్టీసినాడు. వైజాగు పోయే మనోళ్ళ లారీలో కేబిన్లో కూకోబెట్టినాను. బైపాస్ జంక్షన్లో దింపీమన్నాను. నువ్వొచ్చి తీసుకెళ్తావని నీకు సేస్తే నువ్వు ఎత్తవు. వదినెత్తదు. లారీ డ్రైవరు కూడా సేసినాడంట నీకు."

నా చేతిలో ఫోను ఉంది, కాళ్ళ దగ్గర బకెట్టు ఉంది. మా ఆవిడ "ఏటండీ, ఏటంట?" అంటోంది.

"బతికే ఉన్నాడు," అన్నాను. ఆ మాట చెప్పినప్పుడు నాకు సంతోషం కలగలేదు. సిగ్గు కలిగింది. సంతోషం చాలాసేపటి తర్వాత వచ్చింది.

పెదనాన్న దగ్గర ఫోను ఉండదు. మా ఇంటి గుర్తులు ఆయనకు తెలియవు. ఎండ ఇంకా మండుతోంది. ఉన్నపళాన ఒక చొక్కా తగిలించుకుని స్కూటరు తీశాను.

జంక్షన్లో లారీలు ఆగే చోట టీకొట్టు ఒకటి ఉంది. కొట్టు దూలానికి ఒక బూడిదగుమ్మడికాయ కొత్త తాడుతో వేలాడుతోంది. తెల్లటి బూడిద మీద వేళ్ళ గుర్తులు ఇంకా తాజాగా ఉన్నాయి. టీకొట్టాయన్ని అడిగాను.

"మేస్టారా? ఒంటిగంటకే సాలూరు బస్సెక్కించీసినాను బాబూ. మీరేనా ఆ కొత్తింటోళ్ళు?" అన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దున్న నుంచీ ఈ బల్ల మీదే కూకున్నారు. వచ్చిన పెతి స్కూటరుకీ లేసి నిల్సున్నారు. ఫోను సెయ్యమంటారా అంటే ఒద్దన్నారు. 'మావోడు పీటల మీదుంటాడు, మద్దిలో లెగకూడదు. అయ్యాక ఆడే వస్తాడు,' అని మీ తరపునే మాటాడినారు."

"ఈ గుమ్మడికాయ?"

"పెరట్లో కాసిందంట, మీకోసం ఒళ్ళో ఎట్టుకుని తెచ్చినారు. ఆఖర్న, 'ఆడు ఈపాటికి కట్టీసే ఉంటాడు, నీ కొట్టుకి కట్టుకో' అని నాకిచ్చీసినారు. కావాలంటే ఇప్పీమంటారా?"

వద్దన్నాను. అక్కడ ఆ బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఒక స్కూటరు వచ్చి ఆగింది. ఎవరో పాల ప్యాకెట్లు దింపి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ ఫోను చేసింది. పెదనాన్న క్షేమంగా ఇల్లు చేరాడని తమ్ముడు చెప్పాడట. హమ్మయ్య అని స్కూటరు ఇంటివైపు తిప్పబోయాను. "ఇటు రాకండి," అంది తను. "అటే వెళ్ళండి."

సాలూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. పెదనాన్న వీధి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గ్లాసుతో రాగిజావలాంటి సోడంబలి తాగుతున్నాడు. ఎండకు ముఖం నల్లబడింది. నన్ను చూసి మళ్ళీ గ్లాసు ఎత్తాడు. తమ్ముడే ఎదురొచ్చాడు. పాపం, మంచివాడు. "ఫోను సైలెంట్లో పడిపోనాదేమో గదా అన్నియ్యా? పూజ సందట్లో ఎవుళికి తెలుస్తాది," అని నాకు దారి చూపించాడు.

నేను ఆ దారి పట్టాను. "అవును పెదనాన్నా, సైలెంట్లో ఉండిపోయింది. నాకు అసలు ఇన్ఫర్మేషన్ రాలేదు," అన్నాను. ఆ ఇంగ్లీషు నేర్పిన మనిషి ఎదుటే అన్నాను.

ఆయన అంబలి ఒక గుక్క తాగాడు. గ్లాసు అంచు మీదుగా నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పీటల మీంచి లేసినోడివి. పట్టుపంచి ఏదిరా?"

నేను కిందికి చూసుకున్నాను. మోకాలి దగ్గర చిరుగు.

"కొత్తింటి రోజు ఈ సిరిగిన పంచి ఎందుకు కట్టినావు?"

తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. పెదనాన్నకు మొత్తం అర్థమైపోయింది. ఆ సంగతి నాకూ అర్థమైంది.

"బాల్చీ కూడా నింపినావేటి?"

"నింపాను," అన్నాను. తర్వాత మిగతాదంతా వచ్చేసింది. "ఫోను సైలెంట్లో లేదు. నేనే ఎత్తలేదు. తమ్ముడి పేరు చూసి నువ్వు పోయావనుకున్నాను. వింటే ముహూర్తం ఆగిపోతుందని తీసుకెళ్ళి డిక్కీలో పడేశాను. మా ఆవిడ ఫోను కూడా లాక్కున్నాను."

తమ్ముడు "అన్నియ్యా!" అని ఆగిపోయాడు. పెదనాన్న నవ్వుతాడేమోనని నాకు లోపల్లోపల ఆశ. ఆయన నవ్వే మనిషి. నవ్వలేదు.

"నాను పోనాననుకున్నావు గదా. ఏడ్చినావా?"

ఎంత చిన్న ప్రశ్న. అబద్ధం చెప్పడానికి కూడా వీల్లేనంత చిన్నది.

"లేదు," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఇనకుండా ఉన్నందుకు నాకేటీ లేదురా. అది మనిళ్ళల్లో ఉన్నదే. శుభకార్యం ఆపుకోమని నానూ అనను. సచ్చినోడు ఒక పూట ఆగుతాడు, ఆడికి పనేటుంది. కానీ, ఒరే, లోపల ఏడవొచ్చు గదా. లోపల ఏడిస్తే మైల రాదు."

ఆయన గ్లాసు తీసి మిగిలిన అంబలి తాగేశాడు.

"బేగి బయల్దేరు. మొదటి రోజే ఆడమనిషిని కొత్తింట్లో ఒక్కర్తినీ ఒగ్గీకూడదు," అన్నాడు.

"నువ్వు వస్తావా పెదనాన్నా ఇంటికి?"

"పిలిస్తే సూద్దాం."

"పిలిచాను కదా..."

"అదైపోనాది. ఆ పిలుపుకి వచ్చినాను గదా, జంక్షను దాకా."

తిరుగు దారిలో ఆ మాటే వెంట వచ్చింది. ఆ వారంలో ఒకరోజు మా ఆవిడ, కరెంటు మేస్త్రీ వస్తాడు ఇంట్లో ఉండమన్నాను కదా, ఎక్కడికి పోయారని అడిగింది. నాలుక చివర దాకా పాత వాక్యం వచ్చింది. "చెప్పావు. నేనే వినలేదు," అన్నాను. తను దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒంట్లో బాగానే ఉందాండీ?" అంది.

తర్వాత ఇద్దరం కుంకుమభరిణె, పళ్ళు, బట్టలు పట్టుకుని మళ్ళీ సాలూరు వెళ్ళాం. మొదటిసారి పిలుస్తున్నట్టే పిలిచాం. మా ఆవిడ మా తమ్ముడి భార్యకు బొట్టు పెట్టింది. నేను పెదనాన్న చేతిలో బట్టలు పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టాను. ఆయన ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి, "కొత్తిల్లు కట్టినావేటి? ఎక్కడరా? ముహూర్తం ఎప్పుడు?" అని అడిగాడు. మూఢం మొదలైపోయింది. "నువ్వు ఎప్పుడు బయల్దేరితే అప్పుడు," అన్నాను. "అయితే ఆదివారం. ఎండెక్కకముందు. లారీలో రాను, నడుం పోనాది," అన్నాడు.

ఆదివారం కారు మాట్లాడుకుని నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఇల్లంతా తిరిగి చూశాడు. మెట్లు ఎత్తుగా ఉన్నాయన్నాడు. వంటగదిలో పీటేసుకుని కూర్చుని మా ఆవిడతో నా చిన్నప్పటి సంగతులు చెప్పాడు. నేను వింటే బాగుండదనుకునేవే ఏరి ఏరి చెప్పాడు. ఇద్దరూ నా వైపు చూసి నవ్వుకున్నారు. ఆ జంక్షను సంగతి ఎవరూ ఎత్తలేదు. పప్పూ వంకాయకూరా తిన్నాడు. మంచం వద్దని హాల్లో ఫ్యాను కింద చాప వేయించుకుని పడుకున్నాడు.

నేను గోడకు చేరబడి కూర్చున్నాను. ఆయన నోరు కాస్త తెరిచి నిద్రపోతున్నాడు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఒక్కోసారి దిగాక లేవడానికి ఆలస్యమవుతోంది. ఆ ఆలస్యంలో నా ఊపిరి కూడా ఆగుతోంది. ఆ రోజు పొద్దున్న హోమం దగ్గర రావాల్సినవి అప్పుడొచ్చాయి. చప్పుడు కాకుండా తుడుచుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎప్పుడు లేచాడో గమనించలేదు. చూసేసరికి ఆయన కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"ఏటిరా అలా సూస్తన్నావు? బతికే ఉన్నాను. టీ ఎట్టు."

మా ఆవిడ లేవబోతే నేనే వంటగదిలోకి వెళ్ళాను. పంచదార డబ్బా ఎక్కడుందో వెతుక్కుని, నీళ్ళు మరిగించి, టీ పెట్టి తెచ్చాను. పెదనాన్న ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"ఇదేటిరా, పానకం?" అన్నాడు. మొత్తం తాగేశాడు.